పిల్లికన్ను చుట్టం

పోయిన వారం మనం ఆగేసరికి బ్లాజ్ ముసలాయన తమ ఆడగుర్రం లాస్తా పొదుగు కింద చెయ్యి పెట్టి, అలాగే వంగి ఉండిపోయాడు. వారం రోజులుగా పాపం ఆయన్ని అదే భంగిమలో నిలబెట్టేశాం. ఇప్పుడైనా నడుం ఎత్తనిద్దాం.

ఎత్తాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. పక్కనే కోడలు యెల్కా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆమె వంక చూడకుండా, గోడకున్న మేకుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఏం లేదు. అంతా గడ్డే."

ఇందులో తప్పంతా ముసలాయనదే అనడానికి లేదు. సావా నది పక్కన ఆ ఊళ్ళో గుర్రాలు ఏడాదిలో సగం రోజులు ఉమ్మడి బీడులో ఉంటాయి. అక్కడి చిత్తడి గడ్డి తిని, చూడిదైనా కాకపోయినా, ప్రతిదీ పీపాలా తిరిగొస్తుంది. అందుకే పొట్ట చూసి నమ్మడం ఆ ఊళ్ళో పసివాడు కూడా చెయ్యని పని. కానీ లాస్తాను ఊరి మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళి దాటించింది స్వయానా బ్లాజ్. తన చేతి మీదుగా జరిగిన పని తప్పదని ఆయన ధీమా. ఆ ధీమా మీదే చలికాలమంతా గడిచింది.

ఎంత హడావుడి చేశారు! ఈనే రోజులు దగ్గరపడితే ఆ ఇంట్లో 'పిల్ల' అన్న మాట ఎవరూ నోటితో అనరు, దిష్టి తగులుతుందని 'చుట్టం' అంటారు. చుట్టం కోసం శాలకు సున్నం వేశారు, పాత గడ్డంతా లాగేసి కొత్త గోధుమగడ్డి మోకాలెత్తు పరిచారు. మనుషులు చూస్తుంటే గుర్రం ఈనదంటారు కదా, గుమ్మానికి దుప్పటి కట్టారు. ఇంటిల్లిపాదీ శాల ముందునుంచి వెళ్ళేటప్పుడు ముఖం అవతలికి తిప్పుకుని వెళ్ళడం, నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి దుప్పటి చిరుగులోంచి ఓరగా చూడడం. మొదట్లో వేలు పట్టేంత ఉన్న చిరుగు ఇప్పుడు తలకాయ పట్టేంత అయింది. ఇంత మర్యాద జరుగుతుంటే లాస్తా తింటూ కూర్చుంది, ఎందుకు వద్దంటుంది?

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ యెల్కాకు నవ్వు రాలేదు. ఆకులు రాలే రోజుల్లో, గుర్రాలను బీడునుంచి తోలుకొచ్చిన సాయంత్రం, బ్లాజ్ భోజనాల బల్ల దగ్గర ఒక మాట అనేశాడు. అప్పటికి పెద్దకొడుకు మియో గుర్రాలన్నీ అమ్మేసి ట్రాక్టరు కొందామని గోల పెడుతున్నాడు. చిన్నకొడుకు విన్కో సరుకు పడవల మీద తిరుగుతూ నెలల తరబడి ఇంటికే రాడు. విన్కో భార్య యెల్కా ఒక్కతే, శాల తనకు అప్పగించమని అడిగింది. వచ్చే వసంతంలో మన శాల పిల్ల ఒక్కటి పుట్టి బతికితే శాల నీదే, లేకపోతే మియో చెప్పినట్టే, అన్నాడు ముసలాయన. ఆయన అన్నాడంటే అన్నట్టే.

యెల్కా ఇనుప కొలుముల ఊళ్ళో పుట్టిన పిల్ల. పెళ్ళయి వచ్చేదాకా గుర్రాన్ని ముట్టుకుని ఎరగదు. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ముసలి గుర్రం శారా ఆమె చేతిలో రొట్టె తినేసి, అది చాలక తలగుడ్డ కూడా నమలబోయింది. అంతే, ఆమె మనసు ఆ శాలలోనే ఉండిపోయింది. మొగుడు ఊళ్ళో లేని దిగులైనా, తోటికోడలి దెప్పుళ్ళైనా, ఆ వెచ్చటి వాసనలోకి అడుగు పెట్టగానే పోయేవి. అక్కడ ఉన్నంతసేపు ఆమెకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు ఆ సంతోషం చెయ్యిజారిపోతోంది.

అత్తగారు కాతా ఆ పూట రొట్టెల పిండి పిసుకుతోంది. వార్త విని అయ్యో అనలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. నది ఎగువన నీళ్ళు పెరుగుతున్నాయి, బీడులో దిబ్బ మీద శారా ఉంది, వెళ్ళి తోలుకురమ్మంది. ఇప్పుడు శారా సంగతి ఎవరికి కావాలత్తయ్యా, రేపటికైనా అవుతుంది కదా, అని యెల్కా గొణిగింది. రేపు కాదు, ఈ పూటే, పొడి గుడ్డలు కూడా పట్టుకెళ్ళు, అని కాతా పిండి చేతులతోనే ఆమెను గుమ్మంలోకి తోసింది.

వసంతంలో సావా పొంగితే బీడంతా చెరువైపోతుంది, ఎత్తుగా ఉన్న దిబ్బలు మాత్రం మిగులుతాయి. యెల్కా అడుగు చదునుగా ఉండే పడవలో గడకర్ర పోటు వేసుకుంటూ బయలుదేరింది. నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది, కప్పలు కచేరీ పెట్టాయి, కొంగలు మోకాళ్ళ లోతులో పెళ్ళిపెద్దల్లా నడుస్తున్నాయి. ఏడుద్దామని అనుకుంది గానీ గడకర్రకు రెండు చేతులూ కావాలి, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. దాంతో ఏడుపు వాయిదా పడింది.

దిబ్బ మీద మిగతా గుర్రాలు ఒక మూల మేస్తున్నాయి. శారా మాత్రం విడిగా, విల్లో చెట్ల కింద నిలబడి ఉంది. మెడంతా చెమట. తోక పక్కకు పెట్టి, మాటిమాటికీ తన డొక్క వంక తిరిగి చూసుకుంటోంది. యెల్కా దగ్గరికెళ్ళి వంగి చూసింది. ఈనే ముందు చనుమొనల మీద కనబడే మైనం పూస ఎప్పుడో రాలిపోయింది, పాలు బొట్లు బొట్లుగా వెనకకాళ్ళ మీదికి కారుతున్నాయి.

మూడేళ్ళుగా గొడ్డుపోయిందని శారా పొదుగు వంక ఈ చలికాలం ఎవరూ చూడలేదు. దాని పొట్టనూ గడ్డి పొట్టే అన్నారు. ఒకదాని గడ్డిని పిల్ల అనుకున్నారు, ఇంకోదాని పిల్లను గడ్డి అనుకున్నారు. గుర్రాల మధ్యే పుట్టి పెరిగిన మహానుభావులు!

"తొందరపడకు. దాని పని దాన్ని చేసుకోనీ," అన్నారెవరో.

యెల్కా ఉలిక్కిపడి చూసింది. చెట్ల అవతల ఇంకో పడవ కట్టి ఉంది. అందులో టోపీ ముఖం మీదికి లాక్కుని పక్కింటి ఇంబ్రో కూర్చుని ఉన్నాడు. పక్కిల్లే గానీ, బ్లాజ్‌కూ అతనికీ మాటలు లేక పదేళ్ళు దాటింది. చర్చిలో ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి కూర్చుంటారు. ఆ చోటులో కొత్తవాళ్ళెవరైనా కూర్చోబోతే ఊరంతా కళ్ళతోనే వారిస్తుంది.

ఇక్కడేం చేస్తున్నారు బాబాయ్ అని యెల్కా అడిగింది. చేపలు పడుతున్నానన్నాడు ఇంబ్రో. పడవలో గాలం లేదు, వల లేదు. నూనెసీసా, మెత్తటి తాడు, ఉతికి ఆరేసిన పాత చొక్కా ఉన్నాయి.

ఆరా తీసే తీరిక లేకపోయింది. శారా ఒక్కసారి మోకాళ్ళ మీదికి వంగి, మూలిగి, పక్కకు ఒరిగింది. ఉమ్మనీరు భళ్ళున పోయింది. నీలం తెలుపు కలిసిన తిత్తి, అందులోంచి ఒక గిట్ట, దాని పైన ముక్కు. యెల్కా చేతులు కట్టుకుని లెక్కపెట్టింది. ముక్కు ఒకటి, గిట్ట ఒకటి. రెండో గిట్ట రావాలి. శారా మళ్ళీ ముక్కింది, మళ్ళీ ముక్కింది. రెండో గిట్ట రాలేదు.

ఇంబ్రో అప్పటికే చొక్కా విప్పి భుజందాకా నూనె రాసుకుంటున్నాడు. కాలు లోపల మడతపడింది, అది ముక్కుతున్నప్పుడు లాగితే తల్లీపిల్లా ఇద్దరూ పోతారు, నొప్పి ఆగినప్పుడు పిల్లను కాస్త వెనక్కి నెట్టి కాలు సవరించాలి, నువ్వు తల దగ్గర కూర్చుని దాంతో మాట్లాడు, అని నెమ్మదిగా చెప్పాడు. యెల్కా శారా తలను ఒళ్ళో పెట్టుకుంది. ఏం మాట్లాడాలో తోచలేదు. రొట్టె సంగతి, తలగుడ్డ సంగతి, విన్కో రాసిన జాబుల సంగతి, నోటికొచ్చిందల్లా చెప్పింది. మధ్యలో దేవుణ్ణి కూడా నాలుగు తిట్టింది. శారా చెవి ఒకటి ఆమె వైపే తిరిగి ఉంది.

ఇంబ్రో కళ్ళు మూసుకుని, లోపలి చేతితో వెతుకుతున్నాడు. అతని ముఖం ఎర్రబడింది, తరువాత తెల్లబడింది, తరువాత ఒక్కసారిగా నవ్వు వచ్చింది.

"దొరికింది, తల్లీ. ఇంక ముక్కు," అన్నాడు.

శారా ముక్కింది. రెండు గిట్టలు, వాటి మీద ముక్కు, భుజాలు, ఆ వెంటనే మిగతాదంతా జర్రున జారి గడ్డి మీద పడింది. ఇంబ్రో తిత్తి చింపి ముక్కు తుడిచాడు. యెల్కా పొడి గుడ్డలతో రుద్దింది, రుద్దింది, ఇంకా రుద్దింది. పిల్ల చీదింది. తల ఎత్తింది. ఆడపిల్ల. మిట్టమధ్యాహ్నం, పట్టపగలు, ఎండలో, ఇద్దరు మనుషులు కళ్ళప్పగించి చూస్తుండగా పుట్టింది. దుప్పటి కట్టినవాళ్ళు సిగ్గుపడాలి.

యెల్కా ఆనందం పట్టలేక తలగుడ్డ విప్పి గాల్లోకి విసిరింది. అది నీళ్ళలో పడి కొట్టుకుపోయినా చూసుకోలేదు. తల్లి పిల్లను నాకుతుంటే ముఖం మీది తడి పోయింది, అప్పుడు కనిపించింది. నుదుటినుంచి ముట్టెదాకా ముఖమంతా తెలుపు. ఒక కన్ను నల్లగా ఉంది. రెండోది నీలం, నిఖార్సైన పిల్లికన్ను.

అలాంటి ముఖం ఆ ఊళ్ళో ఇంకొక్క గుర్రానికే ఉంది. ఇంబ్రో మగగుర్రం విహోర్‌కు.

అసలు పదేళ్ళనాటి తగాదా మొదలైందే ఆ కన్ను దగ్గర. విహోర్ పుట్టిన ఏడు బ్లాజ్ పదిమందిలో, ఆ పిల్లికన్నుదాన్ని మా గడప తొక్కనివ్వను, అది చూస్తే కుండలో పాలు విరుగుతాయి, అని వేళాకోళమాడాడు. ఇంబ్రోకు పెళ్ళాం లేదు, బిడ్డల్లేరు, ఆ గుర్రమే లోకం. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు యెల్కాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ ఊరి కట్టు ఒకటుంది. ఇంటి మనిషి పగ్గం పట్టుకుని తీసుకెళ్ళి దాటిస్తే పుట్టింది ఆ ఇంటి పిల్ల. మగగుర్రం కంచె దూకి వచ్చి చేసిన నిర్వాకానికి పుడితే అది కంచె పిల్ల. దానికి ఏ శాలలోనూ చోటు లేదు, పాలు మరవగానే సంతకు తోలెయ్యాలి. మన శాల పిల్ల పుట్టాలన్నాడు మామగారు. ఇది కంచె పిల్ల అయితే పుట్టీ పుట్టనట్టే. బాబాయ్, మీ గుర్రం కంచె దూకిందా అని ఆమె అడిగింది. దూకలేదు, నన్నింకేం అడక్కు, అన్నాడు ఇంబ్రో.

నీళ్ళు దిబ్బ అంచుకు వచ్చేశాయి. పిల్ల లేచి నిలబడి, రెండుసార్లు పడి, పొదుగు వెతుక్కుని తాగింది. మాయ మొత్తంగా పడిపోయింది. ఇంక ఆగడం మంచిది కాదని ఇద్దరూ పిల్లను ఎత్తి పడవలో గడ్డి మీద పడుకోబెట్టారు. యెల్కా దాన్ని పొదివి పట్టుకుంది, ఇంబ్రో గడకర్ర వేశాడు, శారా డొక్కల లోతు నీళ్ళలో పడవ పక్కనే నడుస్తూ, రెండడుగులకొకసారి సకిలిస్తూ, పిల్ల బదులు పలికేదాకా ఊరుకోలేదు. గట్టు మీదికి ఊరు ఊరంతా వచ్చేసింది. బట్టలు ఉతికేవాళ్ళు బట్టలు వదిలేశారు. చర్చి గంట మోగించే ఆయన సమయం కాకపోయినా గంట మోగించాడు, ఎందుకని అడిగితే తరువాత ఆయనా చెప్పలేకపోయాడు.

బ్లాజ్ బూట్లతోనే నీళ్ళలోకి దిగిపోయాడు.

"బతికుందా?" అన్నాడు. ఉందని యెల్కా అంది. పడవ అంచు పట్టుకుని లోపలికి వంగాడు. పిల్ల తల తిప్పి నీలం కంటితో ఆయన్ని చూసింది.

ముసలాయన అలాగే ఆగిపోయాడు. పిల్లను చూశాడు, గడకర్ర పట్టుకున్న మనిషిని చూశాడు, వెనక్కి తిరిగి పెరట్లోకి నడిచాడు. వెనకాలే పడవలోంచి దించిన పిల్ల, శారా, యెల్కా, సగం ఊరు. ఇంబ్రో గేటు దగ్గర ఆగిపోయాడు.

కంచె పిల్ల అన్నాడు బ్లాజ్, పెరడు మధ్యలో నిలబడి. ఆ మాటకు మియో ముఖం వెలిగింది, ట్రాక్టరు అతని కళ్ళలో తిరిగింది. యెల్కా పిల్లకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"మామయ్యా, మన శాల పిల్ల పుట్టి బతకాలన్నారు, పుట్టి బతికింది. ఏ కన్నుతో పుట్టాలో అప్పుడు అనలేదు," అంది.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. కట్టు కట్టే, నా ఇంటికొకటీ ఊరికొకటీ ఉండదు, అన్నాడు ముసలాయన. నిజానికి ఆయన గొంతులో బలం లేదు. పిల్ల వైపు చూడకూడదని చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఇంబ్రో, ఎదురుగా ఉన్న కోళ్ళగూటికి చెబుతున్నట్టు, వినేవాళ్ళుంటే వినండి, మా గుర్రం ఏ కంచే దూకలేదు, అన్నాడు. బ్లాజ్ కూడా అటు చూడకుండా, అయితే మా శారాయే వెళ్ళి వాళ్ళ తలుపు తట్టిందేమో అడుగు కోడలా, అన్నాడు. శారా తట్టలేదని ఇంబ్రో కోళ్ళకు చెప్పాడు. మరెవరు తట్టారో అడుగు, అని బ్లాజ్ కోడలికి చెప్పాడు. ఇలా కోళ్ళకూ కోడలికీ మధ్య వ్యాజ్యం ఎంతసేపు నడిచేదో.

"నేను తట్టాను," అంది కాతా వంటింటి గుమ్మంలోంచి.

పిండి చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ మెట్లు దిగింది. పోయిన వసంతంలో బ్లాజ్ సంతకు వెళ్ళిన రోజున, శారా కంచె దగ్గర నిలబడి విహోర్ వైపు సకిలిస్తూ మేత మానేసిందట. మూడేళ్ళుగా నువ్వు దాన్ని గొడ్డుది గొడ్డుది అంటుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు, ఊరి మగగుర్రం దానికి నచ్చలేదేమో అనుకున్నాను, పగ్గం పట్టుకుని నేనే తీసుకెళ్ళాను, అని చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఇంబ్రో చేత ఒట్టు వేయించుకుందట. ఏడాదిపాటు ఆ మనిషి ఆ ఒట్టు మీద నిలబడి, ఈ వారమంతా గాలం లేకుండా చేపలు పట్టాడు.

బ్లాజ్ ఆమె వైపు గిర్రున తిరిగాడు.

"పదేళ్ళుగా మనం మాట్లాడని మనిషి ఇంటికి వెళ్ళావా?"

"మాట్లాడనిది నువ్వు," అంది కాతా. "నేను మానేశానని నీకెవరు చెప్పారు?"

ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. మియో కూడా, ట్రాక్టరు పోయినా సరే, ఆపుకోలేక నవ్వేశాడు. బ్లాజ్ ముందు ఎర్రబడ్డాడు, కోపం తెచ్చుకుందామని చూశాడు, కుదరలేదు. ఇంతలో పిల్ల తల్లినుంచి నాలుగు అడుగులు వంకరటింకరగా వేసి, ఎదురుగా ఉన్నది గోడ అనుకుందో ఏమో, ముసలాయన తొడకు ఆనుకుని ఆయన కోటు గుండీ చప్పరించడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి దానంతటదే దాని మెడ మీదికి వెళ్ళింది.

ఇంటి మనిషే పగ్గం పట్టుకుంది కదా, ఇది ఇంటి పిల్లే, శాల నీదే కోడలా, అన్నాడు. గొంతు సవరించుకుని ఇంకోసారి, అందరికీ వినబడేట్టు అన్నాడు. వాయిదా పడిన ఏడుపంతా యెల్కాకు అప్పుడు వచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ శారా మెడ కావలించుకుంది. ఎవరో పళ్ళతో కాచిన రాకియా సీసా తెచ్చారు. బ్లాజ్ మొదటి గ్లాసు నింపి, పట్టుకుని గేటుదాకా నడిచాడు.

"ఒరేయ్ ఇంబ్రో, పాలు విరగలేదురా. లోపలికి రా," అన్నాడు.

ఇంబ్రో గ్లాసు అందుకుని గడప దాటాడు. ఒక్క గుటకలో తాగాడు, మూతి తుడుచుకున్నాడు, ఆ తరువాత కాతా వైపు తిరిగాడు. మరి పిల్ల బతికితే ఇస్తానన్నది ఎప్పుడిస్తావు కాతా, అని చిన్నగా అడిగాడు. ఏమిస్తానన్నావని బ్లాజ్ అడిగాడు.

కాతా మొగుడి వైపు చూడలేదు. నేరుగా యెల్కా దగ్గరికి వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"ఆ రోజు ఇవ్వడానికి నా దగ్గర ఏముందమ్మా. నాది కానిది ఇస్తానని మాటిచ్చేశాను," అంది. "నీది."

అదేమిటో వచ్చే వారం చెప్పుకుందాం.